చలికి చావని నాచు: తిరుమలగిరి నుంచి వేములపల్లి దాకా ఒక నీళ్ల సీసాతో

గుడికో పెళ్లికో నేను బయలుదేరలేదు. రెండు గొర్రెలు చచ్చాయి, అందుకు బయలుదేరాను. మాది తిరుమలగిరి పక్కన ఒక మెట్ట ఊరు. ఎనభై గొర్రెల మంద మాది. ఏటా ఈ రోజుల్లో మందను నడిపించుకుంటూ మిర్యాలగూడ వైపు దిగుతాం. అక్కడ నాట్లు వేయకుండా వదిలేసిన పొలాల్లో రాత్రిళ్లు గొర్రెలను పండబెడతాం. పొలానికి ఎరువు, మాకు వడ్లు. ఈసారి బయలుదేరే ముందే దెబ్బ తగిలింది. శివరాత్రి ఇంకా రాలేదు, తెల్లవారితే గొంగడి వదలబుద్ధి కాని చలి. పొద్దున్నే ఊరి కుంటలో నీళ్లు తాగిన రెండు గొర్రెలు మధ్యాహ్నంలోపు తూలి, పడి, ఈత కొడుతున్నట్టు కాళ్లాడించి చచ్చిపోయాయి. నా చిన్నప్పటి నుంచి గొర్రెలు కాస్తున్నాను. గొర్రె ఎన్ని రకాలుగా చస్తుందో నాకు తెలుసు అనుకున్నాను. ఈ చావు నాకు తెలియదు.

కుంట ఒడ్డునే సోమయ్య పత్తి చేను ఉంది. నిరుడు నా గొర్రెలు అతని చేనులో పడ్డప్పుడు, ఊరంతా వినేటట్టు "ఒక్కనాడు నీ మందను ఖతం చేస్త సూడు" అన్నాడు. నాకు ఇంకేం సాక్ష్యం కావాలి? పురుగుల మందు కుంటలో కలిపింది సోమయ్యే అని తేల్చుకున్నాను. పశువుల దవాఖాన డాక్టరు మాత్రం చచ్చిన గొర్రె కాలేయం చూసి తల గోక్కున్నాడు. "మందు కాకపోవచ్చు తాతా, నీళ్లల్ల నాచు కావచ్చు. కోదాడల ఒక మేడమ్ ఉంది, కాలేజీల పాఠాలు చెప్తది, గీ నాచు మీదనే ఆమె పని. కుంట నీళ్లు ఒక సీసాల పట్టుకపొయ్యి చూపియ్యి" అన్నాడు. నేను అతని ముఖం మీదే నవ్వాను. చలికాలంలో నాచు ఏంది? ఎండల్లో పెరిగింది చలికి చస్తుంది, ఇది గొర్రెకు కూడా తెలుసు. అయినా పోతానన్నాను. నాచు సంగతి కోసం కాదు. నీళ్లలో మందుందని చదువుకున్న మనిషితో చెప్పించుకుంటే, ఊళ్లో పంచాయతీ పెట్టి సోమయ్యను నిలబెట్టవచ్చు.

మందను ఆ కుంట దగ్గర ఉంచడం ఇష్టం లేక నా భార్య లచ్చమ్మ, నా తమ్ముడు యాదయ్య అప్పటికే దాన్ని తోలుకుని వేములపల్లికి నడక మొదలుపెట్టారు. నేను వెనక ఉండి, వాళ్లు చేరుకునే రోజు పొద్దున్నే కుంటలో సీసా నింపుకుని తిరుమలగిరిలో సూర్యాపేట బస్సెక్కాను. గంట పైనే పడుతుంది, టికెట్టు అరవై దాకా. మా వైపు బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. నా పక్కన కూర్చున్న ముసలామె ఆధార్ కార్డు గాల్లో ఊపి నా వైపు చూసి నవ్వింది. కండక్టరమ్మ నా ఒళ్లో సీసా చూసి, "ఏంది తాతా, మందు సీసానా? బస్సుల తాగుడు బంద్" అంది. "తాగితే సస్తరమ్మా, అందుకే మూత బిగించిన" అన్నాను. ముసలామె లేచి వెనక సీట్లోకి పోయింది.

సూర్యాపేట బస్టాండులో ఇడ్లీ తిని, కోదాడ బస్సెక్కాను. హైవే మీద మరో గంట. ఇంజను పక్క సీటు దొరికింది, కింద రేకు కాలుతోంది, సీసాను కాళ్ల మధ్య పెట్టుకుని కునికాను. మునగాల దాటాక మెలకువ వచ్చి సీసా చూశాను. పొద్దున్న నేను పట్టింది తేట నీళ్లు. కొంచెం పచ్చ జీర ఉంది తప్ప వట్టి నీళ్లే. ఇప్పుడు సీసా మెడ దగ్గర పాల మీద మీగడ కట్టినట్టు పచ్చటి పొర నిలబడి ఉంది, కింద నీళ్లు ఇంకా తేటగా ఉన్నాయి. ఎవరైనా మూత తీసి రంగు పోశారా అని పక్కవాణ్ని అనుమానంగా చూశాను. అతను నిద్రపోతున్నాడు. సీసాను ఊపాను. పొర చెదిరిపోయింది. కోదాడ వచ్చేసరికి మళ్లీ పైకి లేస్తోంది. నీళ్లలో ఏదో బతికి ఉంది, దానికి పైకి రావడం తెలుసు. అప్పుడు మొదటిసారి నాకు భయం వేసింది.

బస్టాండు నుంచి కాలేజీకి ఆటో ముప్పై రూపాయలు. మేడమ్‌కు నలభై ఏళ్లు ఉంటాయి, మాట కొంచెం ఆంధ్రా వైపుది. కుర్చీ వేసి మంచినీళ్లిచ్చింది. నేను నీళ్లు తాగకముందే నా పాట మొదలుపెట్టాను.

"బిడ్డా, గీండ్ల పురుగుల మందు ఉన్నదని ఒక్క కాయితం రాసియ్యి. నాకింకేం వద్దు."

"ముందు చూద్దాం పెద్దాయనా. చూడకుండా రాసిచ్చేస్తే ఈ బల్లలూ అద్దాలూ ఎందుకండీ?"

ఒక చుక్క తీసి అద్దం కింద పెట్టి నన్ను చూడమంది. ఒక కన్ను మూయడం నాకు చేతకాలేదు, ఆమె తన అరచేయి అడ్డం పెట్టింది. చూశాను. లచ్చమ్మ మెడలో పూసల దండలు తెగి నీళ్లలో పడితే ఎట్లా ఉంటాయో అట్లా ఉన్నాయి. సన్నటి పచ్చ పూసలు, వరుసలు వరుసలుగా. వాటి మధ్య నుంచి గాజు పురుగు లాంటిది ఒకటి ఎగిరెగిరి పోతోంది. దాని కడుపులో గుండె కొట్టుకోవడం కూడా కనిపించింది. నేను తల వెనక్కి తీశాను.

"ఆ గెంతేది నీటి పురుగు. పురుగుల మందు ఏ కొంచెం పడినా అన్నిటికన్నా ముందు పోయేది అదే. చూశారుగా, హాయిగా ఎగురుతోంది. మీ కుంటలో ఎవరూ మందు కలపలేదు పెద్దాయనా."

"మరి నా గొర్లు?"

"ఆ పూసలే అయ్యుంటాయి. మొక్కా కాదు, పురుగూ కాదు. సయనోబ్యాక్టీరియా అంటారు, మనవాళ్లు నీలి ఆకుపచ్చ నాచు అంటారు. ఎండతో తన అన్నం తనే వండుకుంటుంది. ఇందులో అన్నీ చెడ్డవి కావు, కొన్ని వరి మళ్లలో పొలానికి బలం పెడతాయి. కొన్ని విషం చేస్తాయి. మీ దాంట్లో విషం ఉందో లేదో కంటితో చెప్పలేను, పరీక్షకు పంపుతాను. కానీ రెండు గొర్రెలు పోయాక ఫలితం వచ్చేదాకా ఆ నీళ్లు ముట్టనివ్వకండి."

నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. "బిడ్డా, నువ్వు సదువుకున్నదానివే. కానీ గిది సలికాలం. నాచు సలికి సస్తది" అన్నాను. ఆమె కోప్పడలేదు, నన్ను వెనక గదిలోకి తీసుకుపోయింది. అక్కడ మూడు చోట్ల గాజు బుడ్లు ఉన్నాయి. కొన్ని ఫ్రిజ్ లాంటి చలి పెట్టెలో, కొన్ని ఏసీ గదిలో బల్ల మీద, కొన్ని మన ఎండాకాలమంత వేడి ఉండే పెట్టెలో. ప్రతి చోటా రెండేసి. నీలం దారం కట్టింది లడాఖ్‌లో మంచు కరిగే చెరువు నుంచి తెచ్చిన నాచు. ఎర్ర దారం కట్టింది ఇక్కడిదే, మిర్యాలగూడ పక్క కుంటది. అన్నిటికీ దీపం వెలుతురు ఒక్కటే, తిండి ఒక్కటే, వేడి మాత్రమే వేరు. తలుపులు తీయకముందే అడిగింది, "చెప్పండి, మంచు నాచు ఎక్కడ బాగా పెరిగి ఉంటుంది?"

"అడిగేదేమున్నది? ఫ్రిజ్‌ల. బల్ల మీద పెట్టింది సచ్చి ఉంటది."

తలుపు తీసింది. ఫ్రిజ్‌లో నీలం దారం బుడ్డి పలుచటి పచ్చగా ఉంది, బతికే ఉంది. సరే అన్నట్టు మీసం మీద చేయి వేశాను. తర్వాత బల్ల దగ్గరికి తీసుకుపోయింది. అక్కడి నీలం దారం బుడ్డి చిక్కగా, చింతచిగురు రుబ్బి పోసినట్టుగా ఉంది. ఫ్రిజ్‌లోని దానికన్నా ఎన్ని రెట్లో. మంచులో పుట్టింది, మంచులో బతికింది, వెచ్చటి గదిలోకి రాగానే ఇంత విరగబడి పెరిగింది. నేను దారం రంగు మళ్లీ చూశాను. బుడ్డిని అటూ ఇటూ తిప్పాను. ఆమె దారాలు మార్చి నన్ను ఆట పట్టిస్తోందేమో అనుకున్నాను. ఆ మాట పైకే అన్నాను.

"దారాలు మార్చినవు గదూ?"

"అయ్యో పెద్దాయనా, మిమ్మల్ని మోసం చేసి నాకేం వస్తుంది! అది చలిని కోరి అక్కడ లేదండీ. ఓర్చుకుని ఉంది, అంతే. వెచ్చదనం దొరికితే ఇట్లా పెరుగుతుంది. అయితే మరీ మన ఎండ దానికి పడదు, ఇదిగో చూడండి."

వేడి పెట్టెలో నీలం దారం బుడ్డి తెల్లగా, సున్నపు తేటలా చచ్చి ఉంది. పక్కనే ఎర్ర దారంది, మనది, ఆ వేడిలో పెయింటు డబ్బాలా చిక్కబడి ఉంది. ఇగ నాకు మిగిలింది ఒక్కటే ఆశ. ఫ్రిజ్‌లో మన నాచు. అది చచ్చి ఉంటే కనీసం సగం నా మాట నిలుస్తుంది. చూస్తే అడుగున పసుపు పచ్చ మడ్డి, పైన వట్టి నీళ్లు. "గిదీ! సచ్చింది!" అని అరిచాను. ఆమె ఇంకో ఎర్ర దారం బుడ్డి తెచ్చి నా చేతిలో పెట్టింది. పచ్చగా కళకళలాడుతోంది. "ఇదీ ఫ్రిజ్‌లో ఇలాగే మడ్డిలా ఉండేదండీ. మొన్న బయట పెట్టాను. చావలేదు, పడుకుంది. వెచ్చబడగానే లేచింది."

నేను బుడ్డిని వెలుతురుకు ఎత్తి చూశాను. ఆమె అడిగింది, "మీ కుంటలో లోతెంత?"

"ఇప్పుడు మోకాలు లోతు."

"మధ్యాహ్నం నీళ్లెట్లా ఉంటాయి?"

గోరువెచ్చగా ఉంటాయి. రోజూ అందులో కాళ్లు కడుక్కునేవాణ్ని, నాకే తెలుసు. చలి నా గొంగడి మీద ఉంది, తెల్లవారుజామున ఉంది. ఎండెక్కాక ఆ కుంటకు చలికాలమే లేదు. నేను చెప్పకముందే నా ముఖం చూసి ఆమెకు అర్థమైంది. చివరికి ఇంకో ప్రశ్న వేసింది, అదే నన్ను కూల్చేసింది. గొర్రెలకు నీళ్లు ఎక్కడ తాపుతారని అడిగింది. మా నాన్న నేర్పిన పద్ధతే చెప్పాను, గొర్రె కదిలే నీళ్లకు బెదురుతుంది, అందుకే పొద్దున్నే, గాలి లేనప్పుడు, అలలు లేని మూల చూసి తాపుతాం. ఆమె నెమ్మదిగా అంది, "గాలి లేనప్పుడే ఇది పైకి తేలుతుంది పెద్దాయనా. కదలని మూలకే వచ్చి చేరుతుంది. మీ సీసాలో చూశారుగా."

బుడ్డి ఆమె చేతిలో పెట్టేశాను. వెతికి వెతికి మంచి మూల అని నేనే గొర్రెలను అక్కడ దింపాను. మరుక్షణం ఇంకొకటి తట్టింది. వేములపల్లిలో మా మంద దిగేది ఎంకట్రెడ్డి పటేలు పొలంలో. అక్కడా ఒక కుంట ఉంది. దానికీ ఒక మూల ఉంది, తుమ్మ చెట్ల చాటున, ఏటా మేం తాపే మూల. మంద చేరేది ఈ సాయంత్రమే. యాదయ్యకు ఫోన్ కొట్టాను. స్విచాఫ్. దారిలో చార్జింగు ఎక్కడ దొరుకుతుంది వాళ్లకు! మేడమ్ "అన్నం తిని వెళ్లండి" అంటుంటే వినకుండా బయటపడ్డాను.

కోదాడ నుంచి మిర్యాలగూడకు హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా బస్సు. గంటన్నర అంటారు, నాకు ఆ రోజు ఎంత పట్టిందో తెలియదు. రోడ్డుకు రెండు పక్కలా వరి మళ్లు, నాట్లు పడి పచ్చగా ఉన్నాయి. ప్రతి ఏడాదీ చూసి సంబరపడే పచ్చదనమే. ఆ రోజు పచ్చగా ఏది కనిపించినా ఒళ్లు జలదరించింది. మిర్యాలగూడ బస్టాండు బయట వేములపల్లి షేర్ ఆటోలు ఉంటాయి, మనిషికి ముప్పై. నేను ఆగలేక ఒక్కణ్నే మాట్లాడుకున్నాను.

"ఒక్కనివే అయితే రెండు వందలు తాతా."

"పోనియ్యి."

"బేరం ఆడవా? ఎవలకన్న సీరియస్సా?"

"ఎనభై మందికి" అన్నాను. డ్రైవరు వెనక్కి తిరిగి చూసి ఆటోను ఎగరేసుకుంటూ పోయాడు.

పటేలు పొలం దగ్గర దిగేసరికి ఎండ వాలుతోంది. డొంకలో దుమ్ము లేచింది, మా మందే. ముందు లచ్చమ్మ, వెనక యాదయ్య. గొర్రెలకు నీళ్ల వాసన తగిలింది, పరుగు అందుకున్నాయి. నేను కుంట వైపు చూశాను. గట్టు మీద పటేలు నిలబడి ఉన్నాడు, ఆయన బర్రెలు రెండు నడుం లోతు నీళ్లలో ఉన్నాయి. తుమ్మ చెట్ల చాటు మూల మాత్రం ఎవరో పచ్చ రంగు పారబోసినట్టు ఉంది. నేను గొంగడి విప్పి ఊపుకుంటూ మంద ముందుకు ఉరికాను.

"ఆపు! లచ్చా, మంద ఆపు! నీళ్లు తాపకు!"

"నీకేమన్న గాలి సోకిందా? పొద్దున్నుంచి సుక్క నీళ్లు లేవు వీటికి!" అని లచ్చమ్మ తిట్టింది. తిడుతూనే కర్ర అడ్డం పెట్టింది. దాహంతో ఉన్న గొర్రెలను నీళ్ల ముందు ఆపడం ఎంత కష్టమో కాసినవాళ్లకే తెలుస్తుంది. ముగ్గురం, మా మంద కుక్క, ఆటో డ్రైవరు కూడా దిగి చేతులు చాపితే గానీ మంద తిరగలేదు. పటేలు గట్టు దిగి వచ్చాడు.

"ఏందిరా ముసలోడా, నా కుంట నీళ్లు నీ గొర్లకు పనికి రావా?"

"అండ్ల విషపు నాచు ఉన్నది పటేలా. మా ఊళ్లె రెండు గొర్లు సచ్చినయ్."

"మీ ఊళ్లె సస్తె నా కుంటల విషమా? ఇన్నేండ్లు గీ నీళ్లే తాగి బతికినయ్ నీ గొర్లు. మా నాయిన తవ్విచ్చిన కుంట ఇది. ఇష్టం లేకుంటె మంద లేపుకపో."

"మాటిచ్చిన, మంద పెడ్త. నీ పొలంలనే పండబెడ్త. నీళ్లు మాత్రం కాలువకాడ తోడుకుంట."

"తోడుకో. ఎనభై గొర్లకు చెంబుతోని తోడుకో" అని ఆయన వెళ్లిపోయాడు.

సాగర్ ఎడమ కాలువ పిల్ల కాలువ అక్కడికి కొంచెం దూరమే, కానీ సిమెంటు గోడలు నిలువుగా ఉంటాయి, గొర్రె దిగలేదు. రెండు బకెట్లు, ఒక తాడు, ఒక ప్లాస్టిక్ తొట్టి. నేను చేదాను, యాదయ్య మోశాడు, లచ్చమ్మ వరుసగా తాపింది. పది గొర్రెలకు తాపేసరికి నా భుజాలు పడిపోయాయి. మిగతావి అరుస్తున్నాయి. నేను పనిలో ఎవరికీ తీసిపోయేవాణ్ని కాదు, కానీ ఆ సాయంత్రం మంద సగం దాహంతోనే పడుకుంటుందని తెలిసిపోయింది. అప్పుడు పటేలు పొలం వైపు నుంచి గుర్రుమని బోరు మోటారు శబ్దం వచ్చింది. తల తిప్పి చూస్తే పైపు నుంచి తెల్లటి నీళ్లు పొలం కాలువలోకి దూకుతున్నాయి. మోటారు వేసిన పటేలు అక్కడ లేడు. ఆయన కుంటలో పంచె తడుపుకుంటూ బర్రెలను బయటికి అదిలిస్తున్నాడు. మా వైపు చూడలేదు, మేమూ పిలవలేదు. మంద తనంతట తనే బోరు నీళ్ల మీద పడింది.

మంద కడుపు నిండాక డ్రైవరు ఫోన్ అడిగి తీసుకుని సోమయ్యకు కొట్టాను. నా నంబరైతే ఎత్తడు.

"ఎవలు?"

"నేనే. నీ బర్రెలను కుంటకు తోలకు. అండ్ల నాచు విషం. బోరు కాడ తాపు."

"గిదంత నాకెందుకు చెప్తున్నవు నువ్వు?" అన్నాడు.

"నీకు కాదు. బర్రెలకు చెప్తున్న" అని ఫోన్ పెట్టేశాను.

పరీక్ష ఫలితం ఇంకా రాలేదు, వస్తే ఇక్కడే చెప్తాను. నేను చదివింది రెండో తరగతి. ఇదంతా ఫోన్‌లో మాట్లాడితే పడ్డ అక్షరాలు, తప్పులు దిద్దుకుని చదువుకోండి. ఆ నీలం దారం బుడ్డి మాత్రం నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. ఒకటి ఎక్కడ ఉందో చూసి, అదే దానికి నచ్చిన చోటు అనుకున్నాను ఇన్నాళ్లు. మంచులో ఉంది కాబట్టి మంచే కావాలి అనుకున్నాను, కనపడలేదు కాబట్టి చచ్చింది అనుకున్నాను, చేను పక్కన ఉంది కాబట్టి సోమయ్యే చేశాడు అనుకున్నాను. పంచాయతీ పెట్టి ఉంటే ఊరి ముందు అతని మెడ వంగేది, నా గొర్రెలు మాత్రం మళ్లీ అదే మూలలో నీళ్లు తాగేవి. అది తలచుకుంటే కుంట కన్నా నా బుర్రే ఎక్కువ భయపెడుతోంది.

మందతోనో బర్రెలతోనో ఈ దారిన కిందికి దిగేవాళ్లు ఒక్క పని చేయండి. ఏ కుంటలో తాపేముందైనా ఆ నీళ్లు తేట గాజు సీసాలో పట్టి, కదపకుండా కొన్ని గంటలు నిలబెట్టండి. పైన పచ్చ మీగడ కడితే, ఎంత చలి ఉన్నా, ఆ మూల మీ తాత చూపించిందే అయినా, అక్కడ తాపకండి. పొర కట్టకపోయినా నీళ్లు పచ్చగా అనుమానంగా ఉంటే బోరు దగ్గరికే పోండి. సీసా లేదనకండి, ఖాళీ సీసాకు సూర్యాపేట బస్టాండులో ఎవరూ డబ్బులు అడగరు.